పాలు మానిన పందిపిల్లల మేత: మాంసకృత్తులలో అరుగునదెంత?

మార్కాపురము, గిద్దలూరు, కంభము, ఎర్రగొండపాలెము ప్రాంతములలో సేద్యము చాలవరకు వానను నమ్ముకొన్నదే. కంభము చెరువు వంటి చెరువుల క్రింది మాగాణిని, బోర్ల క్రింది కొద్దిపాటి భూమిని తప్పించినచో, మిగిలినచోట్ల కంది, సజ్జ, జొన్న, ఆముదము, ప్రత్తి, వేరుశనగ మొదలగు మెట్టపైరులే ఆధారము. వాన మొగము చాటువేసిన ఏట కుటుంబమును నిలబెట్టునది పశుసంపదయే. గేదెలు, గొర్రెలు, మేకలతోపాటు పందులు కూడ అట్టి సంపదలోనివే. ఎరుకల కుటుంబములు తరతరములుగా ఈ వృత్తిలో నేర్పు గడించినవి. నేడు ఇతరులు కూడ కొట్టములు కట్టి సంకరజాతి పందులను పెంచుచున్నారు.

పంది త్వరగా పెరుగు జంతువు. ఒక ఈతకు ఎనిమిది, పది పిల్లలను పెట్టును. అయినను లాభము చేతికి అందకపోవుటకు ఒక కారణము కలదు. తల్లి వద్ద పాలు త్రాగునంతకాలము నున్నగా, గుండ్రముగా ఉన్న పిల్లలు పాలు మాన్పించిన వారము, పది దినములలో చిక్కిపోవును. పారుడు పట్టును. కొన్ని చనిపోవును. మిగిలినవి వెంట్రుకలు రేగి, పొట్ట పెరిగి, నెలల తరబడి ఎదుగక నిలిచిపోవును. “చెక్క పెట్టితిమి, తవుడు పెట్టితిమి, ఇంకేమి లోపము?” అని పెంపకందార్లు అడుగుదురు. లోపము సాధారణముగా మేత పరిమాణములో లేదు; మేతలోని మాంసకృత్తు పిల్ల కడుపులో అరుగునదా, కాదా అను విషయములో కలదు. ఈ వ్యాసములో చెప్పదలచినది ఇదియే: సంచి మీద వ్రాసిన మాంసకృత్తుల శాతమును చూచి మేత కొనరాదు, పిల్లకు ఒంటబట్టు భాగమును చూచి కొనవలెను.

మాంసకృత్తు అనగానేమి?

కండ, రక్తము, చర్మము, వెంట్రుక — ఇవి అన్నియు మాంసకృత్తులతో ఏర్పడినవే. మాంసకృత్తు ఒకే వస్తువు కాదు. అది ఇరువది రకముల అమినో ఆమ్లములు గొలుసువలె కూడి ఏర్పడును. వానిలో కొన్నింటిని పంది తన శరీరములోనే తయారుచేసికొనగలదు. లైసిన్, మిథియోనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్ మొదలగు వానిని తయారుచేసికొనలేదు. అవి మేత ద్వారానే రావలెను. పశువులకైనచో పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఈ పని కొంతవరకు చేసిపెట్టును. పందికి అట్టి పొట్ట లేదు. కనుక ఎద్దుకు సరిపోయిన చెక్క పందిపిల్లకు సరిపోదు.

పైరుకు భాస్వరము కొరవడినచోట నత్రజని ఎంత వేసినను దిగుబడి పెరుగదని రైతులకు తెలియును. అమినో ఆమ్లముల సంగతియు అట్టిదే. ఏ ఒక్కటి తక్కువైనను కండ పెరుగుట అచ్చటనే ఆగిపోవును. మిగిలినవి ఎంత ఎక్కువగా ఉన్నను, శరీరము వానిని విరుగగొట్టి మూత్రముతో బయటకు పంపివేయును. జొన్న, మొక్కజొన్న, సజ్జ వంటి ధాన్యములు పెట్టునప్పుడు అన్నింటికంటె ముందు కొరవడునది లైసిన్. 1914లో అమెరికా దేశములో ఆస్బర్న్, మెండెల్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలకు మొక్కజొన్నలోని ఒక మాంసకృత్తును మాత్రమే పెట్టి చూచిరి. ఎలుకలు పెరుగక క్షీణించెను. ఆ మేతకే ట్రిప్టోఫాన్, లైసిన్ కలిపి పెట్టినపుడు పెరుగసాగెను. ఎలుకలలో తేలిన ఆ సత్యము పందిపిల్లలకును వర్తించును.

పిల్ల కడుపు తీరు

పుట్టిన పందిపిల్ల కడుపు పాలను అరిగించుటకు తగినట్లుగా ఏర్పడినది. పాలలోని చక్కెరను విరుచు రసము దానికి సమృద్ధిగా ఉండును. పిండిపదార్థములను, గింజల మాంసకృత్తులను అరిగించు రసములు తక్కువ. అవి వారములు గడచినకొలది క్రమముగా పెరుగును. మాంసకృత్తును విరుచుటకు జీర్ణాశయములో ఆమ్లము కావలెను. చిన్న పిల్లలో అది చాలినంత ఊరదు. త్రాగిన పాలు పులియుటవలన కలుగు ఆమ్లమే ఆ లోటును కొంత తీర్చును. పాలు మాన్పించినంతనే ఆ సాయము పోవును.

అదే సమయమున పిల్ల తల్లిని విడిచి, కొత్తచోట, కొత్త పిల్లలతో, కొత్త మేతకు అలవాటుపడవలెను. ఒకటి రెండు దినములు సరిగా తినదు. చిన్నప్రేగు లోపలి గోడమీద మేత సారమును పీల్చుకొను సన్నని వెంట్రుకలవంటి నిర్మాణములు ఉండును. తిండి తగ్గినపుడు అవి పొట్టివైపోవును. తరువాత పిల్ల ఒక్కసారిగా ఎక్కువ మేత తినినచో అందులో చాలభాగము అరుగక పెద్దప్రేగునకు చేరును. అచ్చట సూక్ష్మజీవులు ఆ మాంసకృత్తును కుళ్లజేసి అమ్మోనియా మొదలగు చెడు పదార్థములను పుట్టించును. దానితో పారుడు మొదలగును. అరుగని మాంసకృత్తు దండుగ మాత్రమే కాదు, రోగమునకు దారి కూడ. మంచి చేయునని తలచి చెక్క ఇంకను ఎక్కువ వేసినవారి పిల్లలకు పారుడు ముదురుటకు కారణమిదియే.

అరుగుదలను ఎట్లు కొలుతురు?

మేతలోని మాంసకృత్తు ఎంత, పేడలో మిగిలినది ఎంత అని చూచి తీసివేసిన అరుగుదల తెలియునని పూర్వము లెక్కించెడివారు. ఈ లెక్కలో ఒక పొరపాటు ఉన్నది. అమినో ఆమ్లములు చిన్నప్రేగులోనే ఒంటబట్టును. పెద్దప్రేగులో సూక్ష్మజీవులు హరించినది పేడలో కనబడకపోయినను పిల్లకు ఉపయోగపడినది కాదు. అందువలన నేటి పరిశోధకులు చిన్నప్రేగు చివరిభాగమునుండి జీర్ణరసమును సేకరించి, అచ్చటికి చేరునప్పటికి ఎంత మిగిలినదో కొలుచుచున్నారు. ఈ పద్ధతిన కొలిచిన అంకెలే మేత తయారీకి నమ్మదగినవి.

ఆ ప్రకారము, నూరు పాళ్ల లైసిన్‌లో పందికి ఒంటబట్టునది సుమారుగా ఇట్లుండును:

వెన్న తీసిన పాలపొడిలో — 97 పాళ్లు
సోయాచిక్కుడు పిండిలో — 89 పాళ్లు
చేపల పొడిలో — 86 పాళ్లు
వేరుశనగ చెక్కలో — 76 పాళ్లు
మొక్కజొన్న, జొన్నలలో — 74 పాళ్లు
ప్రత్తిగింజల చెక్కలో — 63 పాళ్లు

ఈ అంకెలు పెరుగుచున్న పందులలో మంచి సరుకును పెట్టి కొలిచినవి. పాలు మానిన తొలి వారములలో పిల్లకు ఒంటబట్టునది ఇంతకంటె తక్కువగా ఉండును. మాడిన, బూజుపట్టిన, పొట్టు ఎక్కువగా ఉన్న సరుకులో మరింత తగ్గును.

ఒకే శాతము, రెండు ఫలితములు

ఎనిమిది నుండి ఇరువది కిలోల బరువుగల పిల్లలకు మేతలో నూటికి సుమారు 20 పాళ్ల మాంసకృత్తు ఉండవలెనని సాధారణ నియమము. ఆ పిదప పెరుగుచున్న దశలో 18, చివరి దశలో 16 పాళ్లు చాలును. ఇప్పుడు నూరు కిలోల చొప్పున రెండు మేతలను తయారుచేసి చూతము.

మొదటి మేత: మొక్కజొన్న రవ్వ 58 కిలోలు, వేరుశనగ చెక్క 30 కిలోలు, తవుడు 9 కిలోలు, ఖనిజ లవణముల మిశ్రమము, ఉప్పు కలిపి 3 కిలోలు.

రెండవ మేత: మొక్కజొన్న రవ్వ 58 కిలోలు, సోయాచిక్కుడు పిండి 25 కిలోలు, ఎండుచేపల పొడి 5 కిలోలు, తవుడు 9 కిలోలు, ఖనిజ లవణముల మిశ్రమము, ఉప్పు కలిపి 3 కిలోలు.

మొక్కజొన్నలో 9, తవుడులో 12, వేరుశనగ చెక్కలో 45, సోయా పిండిలో 45, ఎండుచేపలలో 45 పాళ్ల మాంసకృత్తు ఉన్నదని తీసికొనినచో, మొదటి మేతలో 19.8 పాళ్లు, రెండవ మేతలోను సరిగా 19.8 పాళ్లే వచ్చును. సంచి మీద వ్రాయవలసివచ్చినచో రెండింటి మీద ఒకే అంకె పడును.

లైసిన్ లెక్క చూడుడు. మొదటి మేతలో మొక్కజొన్న నుండి 145 గ్రాములు, వేరుశనగ చెక్క నుండి 450 గ్రాములు, తవుడు నుండి 45 గ్రాములు, వెరసి 640 గ్రాములు. రెండవ మేతలో మొక్కజొన్న నుండి 145, సోయా నుండి 700, చేపల నుండి 150, తవుడు నుండి 45, వెరసి 1,040 గ్రాములు. పైన చెప్పిన అరుగుదల అంకెలతో హెచ్చించి చూచినచో పిల్లకు దక్కునది మొదటి మేతలో సుమారు 485 గ్రాములు, రెండవ మేతలో సుమారు 895 గ్రాములు. శాతము ఒకటే అయినను పిల్లకు దక్కునది దాదాపు సగమే. మొదటి మేత తిన్న పిల్ల ఎదుగకపోవుటలో వింత ఏమున్నది?

వేరుశనగ చెక్క చెడ్డదని దీని భావము కాదు. దానిలో లైసిన్ తక్కువ, అంతే. కొట్లలో దొరకు లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడిలో నూటికి 78 పాళ్లు లైసిన్ ఉండును. అది దాదాపు పూర్తిగా ఒంటబట్టును. మొదటి మేతకు కొరవడిన 410 గ్రాములను తీర్చుటకు నూరు కిలోలకు సుమారు అరకిలో పొడి చాలును. అయినను వేరుశనగ చెక్కలో మిథియోనిన్, థ్రియోనిన్ కూడ తక్కువే. కాబట్టి చిన్న పిల్లలకు చెక్కనే నమ్ముకొనక, సోయాతో కలిపి కొద్దిగా వాడుకొనవలెను. ఇరువది కిలోలు దాటిన పందులకు లైసిన్ పొడితో కూడిన వేరుశనగ చెక్క చక్కగా పనికివచ్చును.

మన ప్రాంతపు దినుసులు

సజ్జ, జొన్న: ఇవి మొక్కజొన్నకు బదులు వాడదగినవే. సజ్జలో మాంసకృత్తు నూటికి 11 పాళ్ల వరకు ఉండును. గింజ చిన్నది, గట్టిది కనుక తప్పక మరపట్టవలెను. లేనిచో పేడలో గింజలు గింజలుగానే పడును. మొక్కజొన్నలో సగము వరకు సజ్జను మార్చుకొనవచ్చును. ఎర్రని, వగరుగల జొన్నలోని టానిన్ మాంసకృత్తు అరుగుదలను తగ్గించును. కనుక పిల్లలకు తెల్లజొన్ననే వాడుడు.

కంది నూక, పొట్టు: పప్పు మరలనుండి చవుకగా దొరకు సరుకు. కందిగింజలో లైసిన్ బాగుగనే ఉండును. కాని పచ్చికందిలో, ఉలవలలో, పచ్చి సోయాచిక్కుడులో మాంసకృత్తును విరుచు రసమును అడ్డగించు పదార్థము కలదు. వేడి తగిలిన అది నశించును. పచ్చి సోయాచిక్కుడు తిని పెరుగని ఎలుకలు ఉడికించిన సోయా పెట్టగానే పెరిగినట్లు ఆ ఆస్బర్న్, మెండెల్‌లే 1917లో చూపిరి. ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టు అలవాటు మన పెద్దలది. పందిపిల్లల విషయములో ఆ అలవాటు ఇంకను అవసరము. కంది నూకను, ఉలవలను రాత్రి నానబెట్టి, ఉదయము మెత్తబడువరకు ఉడికించి, మేతలో పదవ వంతుకు మించకుండ కలుపుడు. పొట్టు ఎక్కువగా ఉన్న సరుకును పెద్ద పందులకు ఉంచుడు; పీచు ఎక్కువైనకొలది పిల్లలలో అరుగుదల తగ్గును.

సోయాచిక్కుడు పిండి: కర్మాగారములో నూనె తీసి, వేడి చేసి వచ్చు పిండిని మరల ఉడికించనక్కరలేదు. మితిమీరిన వేడి కూడ చెరుపే. లైసిన్ చక్కెరలతో ముడిపడి అరుగకుండ పోవును. ముదురు గోధుమరంగుతో మాడు వాసన వేయు పిండిని కొనరాదు. పిండి పచ్చిగా ఉన్నదేమోనని అనుమానమున్న చిన్న పరీక్ష చేయవచ్చును. రెండు చెంచాల పిండిలో చిటికెడు యూరియా, కొద్దిగా నీరు కలిపి సీసాలో మూత బిగించుడు. అరగంటకు మూత తీసినపుడు ఘాటైన అమ్మోనియా వాసన వచ్చినచో ఆ పిండి సరిగా వేగలేదని అర్థము. పరీక్షించిన పిండిని పారవేయుడు, మేతలో కలుపరాదు.

ఎండుచేపలు: కోస్తానుండి వచ్చు ఎండుచేపలు మంచి మాంసకృత్తునిచ్చును గాని, ఉప్పు, ఇసుక ఎక్కువగా ఉండవచ్చును. నీళ్లలో జాడించి, అడుగున దిగిన ఇసుకను వదలి, ఎండబెట్టి పొడి చేయుడు. ఉప్పుచేపలు వాడినపుడు మేతలో వేరుగా ఉప్పు వేయరాదు. త్రాగునీరు కొరవడినచోట ఉప్పు విషమగును. పిల్లలు తూలి, కొట్టుకొని చనిపోవును.

మజ్జిగ: ఇంట గేదెలున్నవారు పాలు మాన్పించిన తొలి రెండు వారములు పిల్లకు రోజుకు పావు లీటరు పలుచని తాజా మజ్జిగ ఇచ్చుట మంచిది. అందలి పులుపు, పాల మాంసకృత్తు రెండును పిల్లకు మేలు చేయును.

పిల్లల దరికి రానీయరాని సరుకులు

ఆముదపు చెక్క: ఇందులో రిసిన్ అను విషము కలదు. ఇంటిలో ఉడికించి దీనిని విషరహితము చేయవచ్చునని నమ్మరాదు. ఇది పొలమునకు ఎరువు. నూటికి సుమారు 4 పాళ్ల నత్రజని కలది. దుక్కిలో వేసి కలియదున్నుడు. ఆముదము ఆడిన గానుగలోనే వేరుశనగ ఆడించినచో తొలిచెక్కలో విషము కలియును. మేతకు చెక్క కొనువారు ఈ సంగతి గానుగవారిని అడిగి తెలిసికొనవలెను.

ప్రత్తిగింజల చెక్క: దీనిలోని గాసిపాల్ పందులకు గుండెజబ్బు తెచ్చును. అది లైసిన్‌ను కూడ పట్టివేయును. పాడిపశువులకు పెట్టుచున్నాము గదా అని పందిపిల్లలకు పెట్టరాదు. పెద్ద పందులకు అన్నభేది కలిపి పెట్టు పద్ధతి ఉన్నను, పశువైద్యుని సలహా లేనిదే చేయరాదు.

బూజుపట్టిన వేరుశనగ చెక్క: 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చిపోయినవి. వానికి పెట్టిన వేరుశనగ పిండిలోని బూజు విషమే కారణమని తరువాత తేలెను. అదియే అఫ్లాటాక్సిన్. ఇది కాలేయమును పాడుచేయును. చిన్న పిల్లలను ముందుగా దెబ్బతీయును. ఉడికించినను పోదు, ఎండబెట్టినను పోదు. లేత పశువుల మేతలో కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదని ఒక పరిమితి వాడుకలో ఉన్నది. ఇంత స్వల్పమును కంటితో కనిపెట్టలేము.

ఇచ్చట సేద్యగానికి చేయదగిన పని ఉన్నది. మన ప్రాంతములో వేరుశనగకు పంట చివర బెట్ట తగులుట సాధారణము. బెట్టకు కాయ పగిలి, బూజు భూమిలోనే లోపలికి చేరును. వీలున్నచోట ఆ దశలో ఒక తడి ఇయ్యవలెను. పక్వమునకు రాగానే పీకి, చెట్లను తిరగవేసి, కాయ ఊపిన గింజ గలగలలాడునంతవరకు ఎండబెట్టవలెను. గాయపడిన, ముడుచుకొన్న, రంగుమారిన గింజలను ఏరివేయవలెను. ఏరివేసిన గింజలను గానుగకు పంపినచో విషము చెక్కలోనే మిగులును. ఇట్టి చెక్కను పిల్లలకు పెట్టుటకంటె మేత లేకుండ ఒకపూట ఉంచుట మేలు.

హోటళ్ల మిగులు: పట్టణములనుండి తెచ్చు అన్నము, కూరల మిగులులో మాంసకృత్తు తక్కువ, ఒకనాటివలె మరొకనాడు ఉండదు. పాలు మానిన పిల్లలకు అది ముఖ్యమైన మేత కాజాలదు. పైగా 2020లో మన దేశమునకు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చినది. ఆ జబ్బుకు మందు లేదు. పందిమాంసపు మిగుళ్ల ద్వారా కూడ వ్యాపించును. పెద్ద పందులకైనను ఇట్టి మిగులును పెట్టదలచినచో కలియబెట్టుచు అరగంటకు తక్కువ కాకుండ మరిగించి, చల్లార్చి పెట్టవలెను.

ఖర్చు సంగతి

“సోయా, చేపలు మా తాహతుకు మించినవి” అనువారు ఈ లెక్కను ఆలోచింపవలెను. ఎనిమిది కిలోల పిల్ల ఇరువది కిలోలకు చేరుటకు తిను మేత సుమారు 30 కిలోలు. ఇరువదినుండి ఎనుబది కిలోల వరకు పెరుగుటకు తినునది సుమారు 210 కిలోలు. అనగా పంది జీవితకాలపు మేతలో ఖరీదైన భాగము ఎనిమిదవ వంతు మాత్రమే. ఆ 30 కిలోలలో సోయా ఏడున్నర కిలోలు, ఎండుచేపలు ఒకటిన్నర కిలో. ఎనిమిది పిల్లల ఈతకు సోయా 60 కిలోలు, చేపలు 12 కిలోలు. డబ్బు పొదుపు చేయవలసినచోటు మిగిలిన 210 కిలోలలో ఉన్నది. అచ్చట తవుడు, కంది నూక, సజ్జ, వేరుశనగ చెక్క, కూరాకు వాడుకొనుడు. పాలు మానిన ఆరు వారములలో పొదుపు చేసినవారు ఒక పిల్ల చచ్చినచో ఆ ఈత మేతమీద మిగిల్చినదంతయు పోగొట్టుకొందురు. ఎదుగుదల ఆగిన పిల్లయైనచో, అమ్ముదలకు వచ్చువరకు నెలలు అదనముగా మేపవలసివచ్చును.

తిరుపతిలోని పశువైద్య కళాశాలలో, అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకము క్రింద, లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తము 75 పాళ్లు, నాటురక్తము 25 పాళ్లు గల టీ-17 అను సంకరజాతిని రూపొందించిరి. ఇట్టి జాతులకు త్వరగా పెరుగు గుణము పుట్టుకతో ఉన్నది. త్వరగా పెరుగుదానికి లైసిన్ అవసరమును అధికమే. నాటుపంది మేతతో సంకరజాతి పిల్లను పెంచినచో జాతికి పెట్టిన డబ్బు వ్యర్థమగును.

మేపు విధానము

1. పిల్లలు తల్లివద్ద ఉండగానే, రెండవ వారమునుండి, తల్లికి అందని చోట పైన చెప్పిన రెండవ మేతను గుప్పెడు చొప్పున ఉంచుడు. తినినది కొద్దియే అయినను కడుపు అలవాటుపడును.

2. ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున పాలు మాన్పించుడు. తల్లిని వేరుచేయుడు, పిల్లలను ఉన్న గదిలోనే కొన్ని దినములు ఉంచుడు.

3. మేతను ఆ దినముననే మార్చరాదు. అలవాటైన మేతనే మరి రెండు వారములు పెట్టుడు. తరువాతి మార్పు కూడ వారము, పది దినములలో క్రమముగా జరుగవలెను.

4. దినమునకు నాలుగైదు మారులు కొద్దికొద్దిగా పెట్టుడు. తొట్టిలో మిగిలి పులిసిన మేతను తీసివేయుడు.

5. ధాన్యమును సన్నరవ్వగా మరపట్టుడు. గింజ పలుకులు పెద్దవైనచో అరుగుదల తగ్గును. దుమ్మువలె మరీ మెత్తనైనచో పిల్లలు తినవు, కడుపులో పుండ్లు కూడ పడవచ్చును.

6. కిలో పొడిమేతకు రెండు మూడు లీటర్ల శుభ్రమైన నీరు కావలెను. వేసవిలో ఇంకను ఎక్కువ. నీటి ఎద్దడి ఉన్న మన గ్రామములలో మేతకంటె ముందు నీటిని చూడవలెను. నీరు లేనిదే మేత తినదు, తినినది అరుగదు.

7. పారుడు కనబడినచో చెక్క పెంచరాదు. ఒకటి రెండు పూటలు మేత తగ్గించి, నీరు సమృద్ధిగా ఉంచి, పశువైద్యునికి చూపుడు.

మీరే పరీక్షించి చూడుడు

వ్రాసినది చదివి నమ్మనక్కరలేదు. ఒక ఈతలోని ఎనిమిది పిల్లలను బరువులు సమముగా ఉండునట్లు నాలుగేసి చొప్పున రెండు జట్లు చేయుడు. ఒక జట్టుకు మీరు ఇదివరకు పెట్టు మంచి మేతను, రెండవ జట్టుకు సోయా, చేపల మేతను పెట్టుడు. గది, నీరు, వేళలు ఒకటిగనే ఉండవలెను. వారమునకొకమారు ఉదయము మేతకు ముందు గోనెసంచిలో ఉంచి ముల్లుత్రాసుతో తూచి, నోటుపుస్తకములో వ్రాయుడు. తిన్న మేతను, పారుడు పట్టిన దినములను కూడ గుర్తింపుడు. సంకరజాతి పిల్ల ఈ దశలో దినమునకు సుమారు 300 గ్రాములు పెరుగుట తృప్తికరము. ఆరు వారముల తరువాత ఒక్కొక్క కిలో బరువుకు ఏ జట్టుకు ఎంత మేత, ఎంత డబ్బు పట్టినదో లెక్కించుడు. చవుక సంచి ఏదో, చవుక పెంపకము ఏదో ఆ పుస్తకమే చెప్పును.

గుర్తుంచుకొనవలసినవి

మాంసకృత్తుల శాతము ఒకటే అయినంతమాత్రమున మేతలు సమానములు కావు. లైసిన్ ఎంత, అందులో ఒంటబట్టునదెంత అని అడుగవలెను. పచ్చి పప్పుజాతి గింజలను ఉడికించనిదే పెట్టరాదు. ఆముదపు చెక్క, ప్రత్తిగింజల చెక్క, బూజుపట్టిన చెక్క పిల్లలకు పనికిరావు. మంచి మేత కావలసినది మొదటి 30 కిలోలకే. అచ్చట చేయి బిగపట్టరాదు. ఈ నాలుగు సంగతులను పాటించిన పెంపకందారునకు పాలు మాన్పించుట పిల్లలను పోగొట్టుకొను గండము కాక, మందను పెంచుకొను మెట్టు కాగలదు.